నీళ్ల లెక్కలో విషం లెక్క కూడా రాయాలి

తెలంగాణ వాదాన్ని మూడు ముక్కల్లో చెప్పమంటే ఎవరైనా చెప్పేది నీళ్లు, నిధులు, నియామకాలు అనే. ఇందులో నీళ్ల సంగతి వచ్చేసరికి మనమందరం లెక్కల మాస్టార్లం అవుతాం. కృష్ణాలో బచావత్ ట్రిబ్యునల్ ఇచ్చిన 811 టీఎంసీలలో మనకు దక్కిందెంత, పోతిరెడ్డిపాడు తూము ఎంత పెంచారు, శ్రీశైలం ఎడమ గట్టు సొరంగం ఎన్నేళ్లుగా తవ్వుతున్నారు అన్నవి డల్లాస్‌లో ఉన్నా, దుబాయ్‌లో ఉన్నా నోటికి వచ్చేస్తాయి. మంచిదే. కానీ ఈ లెక్కలో ఒక గడి ఎప్పుడూ ఖాళీగా ఉంటోంది. మనకు దక్కిన నీళ్లు ఎటువంటివి అన్న గడి అది.

అప్పటి మెదక్ జిల్లా నక్కవాగులో ఏళ్ల తరబడి పన్నెండు నెలలూ నీళ్లు పారాయి. కరువు జిల్లాలో ఎండాకాలంలోనూ ఎండని వాగు! కానీ ఒడ్డున భూమి ఉన్న రైతు ఆ నీళ్లు పెడితే పంట మాడిపోయింది, గొడ్డు తాగితే జబ్బు పడింది. టీఎంసీల లెక్కలో అవి కూడా నీళ్లే. అందుకే అంటున్నా, నీళ్ల లెక్క పక్కనే విషం లెక్క కూడా రాయాలి. తర్వాత రాద్దామంటే కుదరదు, ఇప్పుడే రాయాలి. ఎందుకో చెప్తాను.

ముందు పటాన్‌చెరు. 1960లలో బాలానగర్‌లో ఐడీపీఎల్ వచ్చింది. దేశానికి చౌకగా మందులు తయారు చేయడం నేర్పిన ప్రభుత్వ సంస్థ అది. 1970 పేటెంట్ చట్టం తర్వాత మందు తయారీ పద్ధతికే తప్ప మందుకు పేటెంటు లేకుండా పోయింది. ఐడీపీఎల్‌లో పని నేర్చిన వాళ్లే బయటికి వచ్చి సొంత కంపెనీలు పెట్టుకున్నారు. మెదక్ వెనుకబడిన జిల్లా కాబట్టి రాయితీలు దొరికాయి. హైదరాబాద్ పక్కనే ఉంది, భూమి చవక. 1970లు, 80లలో పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, కాజిపల్లి, గడ్డపోతారం వరసగా నిండిపోయాయి. వచ్చినవి ఏవో చిన్నా చితకా పరిశ్రమలు కావు. ఇవాళ అమెరికాలో మనం వాల్‌మార్ట్‌లో నాలుగు డాలర్లకు కొనుక్కునే జెనరిక్ మందుల్లో చాలావాటి ముడిసరుకు పుట్టేది ఇటువంటి చోట్లనే.

ఈ పరిశ్రమ ఎందుకింత మురికి చేస్తుంది? చదువుకున్న వాళ్లం కాబట్టి పనితీరు కూడా అర్థం చేసుకోవాలి. ఒక కిలో మందు తీయాలంటే అంతకు ఎన్నో రెట్లు సాల్వెంట్లు, ఆమ్లాలు, క్షారాలు వాడాలి. ఒకదాని తర్వాత ఒకటిగా ఐదారు రసాయన చర్యలు జరుగుతాయి. ప్రతి మెట్టు దగ్గరా ఎంతో కొంత వృథాగా మిగులుతుంది. ఆ మిగిలిన నీళ్లలో ఉప్పు విపరీతం, సాల్వెంట్లు విపరీతం, వాటితోపాటు కొంత మందు కూడా ఉంటుంది. మామూలు మురుగునీటిని శుభ్రం చేసేది సూక్ష్మజీవులు. మన ఇళ్ల మురికి వాటికి ఆహారం. కానీ సూక్ష్మజీవులను చంపడానికే తయారయ్యే యాంటీబయాటిక్ కలిసిన నీళ్లను, అందులోనూ ఉప్పుతో నిండిన నీళ్లను, అవే సూక్ష్మజీవులకు అప్పగిస్తే ఏమవుతుంది? అవి చస్తాయి, లేదా మందును తట్టుకునే మొండి జీవులుగా మారతాయి. రెండూ మనకు నష్టమే.

ఇందుకు మన ప్రభుత్వం చూపిన పరిష్కారం పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం. 1994లో మొదలైంది. పదుల కొద్దీ కంపెనీల వ్యర్థాలు ట్యాంకర్లలో అక్కడికి పోతాయి, శుద్ధి చేసి వదులుతారు అన్నది కాగితం మీద మాట. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఆ కేంద్రం నుంచి 'శుద్ధి అయి' బయటికి వచ్చే నీళ్లను పరీక్షించారు. దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థాలు అక్కడికి చేరేవి. ఆ నీళ్లలో సిప్రోఫ్లాక్ససిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. ఆ మందు వేసుకునే రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఇది ఎక్కువ. రోజుకు విడుదలయ్యే నీళ్లతో గుణిస్తే ఒక్క మందే దాదాపు 45 కిలోలు. 90 వేల జనాభా ఉన్న ఒక ఊరందరికీ ఒక రోజు వైద్యానికి సరిపోయేంత. 2009 జనవరిలో అసోసియేటెడ్ ప్రెస్ వార్త రాస్తే ప్రపంచమంతా పటాన్‌చెరు పేరు చదివింది. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ల బావుల్లో, చెరువుల్లో కూడా మందుల జాడలు బయటపడ్డాయి.

అయితే ఈ సంగతి లోకానికి స్వీడన్ వాళ్లు చెప్తేనే తెలిసిందా? కాదు. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు గారు 1980ల నుంచే మొత్తుకుంటూ వచ్చారు. తన దగ్గరికి వచ్చే రోగులను చూసి, వాళ్ల ఊళ్ల నీళ్లను చూసి, రెంటికీ సంబంధం కలిపిన మనిషి ఆయన. ఊళ్లను కూడగట్టారు, రోడ్డెక్కారు, కోర్టుకెక్కారు. 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. రైతులకు నష్టపరిహారం ఇవ్వమని కోర్టు చెప్పింది. ఇరవై ఏళ్లు దాటింది. కేసు నడుస్తూనే పోయింది, కంపెనీలు పెరుగుతూనే పోయాయి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్యం మార్కులు వేస్తే పటాన్‌చెరు-బొల్లారానికి 70.07 వచ్చాయి. 70 దాటితే 'అత్యంత కలుషితం' అని అర్థం. ఈ పరీక్షలో మాత్రం మనం ఫస్టు క్లాసులో పాసయ్యాం.

మరి పటాన్‌చెరు వ్యర్థాలకు చివరికి ఏ దారి చూపారు? 18 కిలోమీటర్ల పైపులైను వేసి హైదరాబాద్ మురుగులో కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపారు. అక్కడి నుంచి మూసీ. అంటే నక్కవాగు విషాన్ని మూసీకి బదిలీ చేశారు. మెదక్ రైతు గొడవ చేస్తున్నాడు కాబట్టి నల్లగొండ రైతుకు పంపించారు. ప్రభుత్వోద్యోగి మీద ఫిర్యాదు వస్తే వేరే జిల్లాకు బదిలీ చేస్తారు చూడండి, అచ్చం అట్లాగే.

ఇక మూసీ. అనంతగిరి గుట్టల్లో పుట్టినప్పుడు అది మంచి నది. 1908 వరదల తర్వాత నిజాం కాలంలో కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ దాకా ఇప్పటికీ ఫరవాలేదు. ఆ రెండు చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల లోపల కాలుష్య పరిశ్రమలు రాకూడదని 1996లో 111 జీవో ఇచ్చారు. ఒక నూనెల ఫ్యాక్టరీ దాన్ని దాటి రావాలని చూస్తే సుప్రీంకోర్టు దాకా పోయి ఆపారు. ఆ హద్దు దాటి నగరంలోకి వచ్చాక మూసీ నది కాదు, నాలా. ఇళ్ల మురుగు, జీడిమెట్ల, బాలానగర్‌ల నుంచి కూకట్‌పల్లి నాలా మీదుగా హుస్సేన్‌సాగర్‌కు చేరి అక్కడి నుంచి దిగే మురికి, ఇప్పుడు ఈ పటాన్‌చెరు పైపు. ఆ నీళ్లతోనే నగరానికి దిగువన గడ్డి పెంచుతారు, వరి పండిస్తారు. ఆ గడ్డి తిన్న బర్రెల పాలు మళ్లీ నగరానికే వస్తాయి. విషం పంపించేశాం అనుకున్నవాడి ఇంటికే పొద్దున్నే పాల ప్యాకెట్ వెంట వస్తుంది.

నల్లగొండ కథ దీనికి తోడు. అక్కడి ఫ్లోరైడ్ ఫ్యాక్టరీ నుంచి రాలేదు, రాతి నుంచి వచ్చింది. గ్రానైట్ రాళ్లలో ఉండే ఫ్లోరైడ్ భూగర్భ జలంలోకి దిగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. మర్రిగూడ వంటి మండలాల్లో అంతకు ఎన్నో రెట్లు ఉన్న నీళ్లను జనం తరతరాలుగా తాగారు. ముందు పళ్లు గార పడతాయి. తర్వాత కీళ్లు బిగుసుకుంటాయి, నడుము వంగదు, వంగిన నడుము లేవదు. పసిపిల్లల కాళ్లు వంకర్లు తిరుగుతాయి. దీనికి మందు లేదు. మంచి నీళ్లే మందు.

ప్రకృతి చేసినదానికి ఎవర్ని అంటాం అని కొందరు అడుగుతారు. చెరువులు నిండా నీళ్లున్నప్పుడు జనం పైపొరల నీళ్లు తాగారు. చెరువులు పూడిపోయాయి, కాలువ రాలేదు, బోర్లు దిగాయి. ఎండాకాలం ఎండాకాలానికి వంద అడుగులు ఇంకా కిందికి. కింది రాయిలో ఎక్కువ కాలం నిల్వ ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. రాయిని పెట్టింది ప్రకృతే, కానీ జనాన్ని ఆ రాయి దాకా తోసింది పాలన. అదే జిల్లాలో నాగార్జునసాగర్ ఉంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది నామినేషన్లు వేసి బరిలో నిలిచారు, బ్యాలెట్ పేపరు పుస్తకమైంది. ఎవరికీ ఎంపీ కావాలని కోరిక లేదు. తమ ఊరి నీళ్ల సంగతి ఢిల్లీకి వినపడాలని చేసిన పని అది. ప్రపంచంలో తాగునీళ్ల కోసం ఇటువంటి దరఖాస్తు ఇంకెవరైనా పెట్టారా?

ఇప్పుడు ఈ రెండు కథలనూ కలిపి చూడండి. 2004 నుంచి కృష్ణా మంచి నీళ్లు నల్లగొండ జిల్లా మీదుగానే పెద్ద పైపుల్లో హైదరాబాద్‌కు పోతున్నాయి. నగరం వాటిని వాడుకుంటుంది. వాడుకున్న నీళ్లు మూసీలో పడి మళ్లీ నల్లగొండకే వస్తాయి. పోయేటప్పుడు మంచి నీళ్లు, వచ్చేటప్పుడు మురుగు. నడుమ నిలబడి చూసింది ఫ్లోరైడ్ బోరు దగ్గర బిందె పెట్టుకున్న అవ్వ.

గాలి సంగతి కూడా ఒక మాట. రామగుండం ఎన్‌టీపీసీ 2600 మెగావాట్లు. బొగ్గు సింగరేణిది, నీళ్లు గోదావరివి. కరెంటు దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ పోతుంది. మన బొగ్గులో మూడో వంతు దాకా బూడిదే. ఆ బూడిద ఎక్కడికీ పోదు, కుందనపల్లి చెరువులో ఉంటుంది, ఎండాకాలం గాలికి లేచి ఇళ్లమీద పడుతుంది. దాని పక్కనే ఓపెన్‌కాస్టు గనులు. భూగర్భ గని కార్మికుడి ఊపిరితిత్తుల్లో దుమ్ము పోసేది, ఓపెన్‌కాస్టు ఊరందరి ఊపిరితిత్తుల్లో పోస్తుంది. పైగా పేలుళ్లకు గోడలు పగులుతాయి, బావులు ఎండుతాయి. పోనీ ఉద్యోగాలైనా పెరిగాయా? 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికులు ఆ తర్వాత 70 వేల లోపుకు పడిపోయారు.

నక్కవాగు, మూసీ, ఫ్లోరైడ్ బోరు, బొగ్గు దుమ్ము. నాలుగూ నాలుగు రకాల కాలుష్యాలు. కారణాలు వేరు, జబ్బులు వేరు. కానీ ఒక్కటి అన్నింట్లోనూ ఉంది. లాభం ఒకచోట చేరింది, విషం ఇంకోచోట చేరింది, నిర్ణయం మూడోచోట జరిగింది. ఆ మూడోచోటులో విషం తాగేవాడికి కుర్చీ లేదు. మనం స్వపరిపాలన అన్నది దీన్ని మార్చడానికే. ఉద్యమానికి దీనికంటే బలమైన న్యాయం ఇంకోటి ఉందని నేను అనుకోను.

అయితే ఇక్కడే మనం నిజాయితీగా ఉండాలి. ఆ 2009 జాబితాలో పటాన్‌చెరుతోపాటు విశాఖపట్నం కూడా ఉంది, 70.82 మార్కులతో. 2010 జులైలో శ్రీకాకుళం జిల్లా సోంపేటలో థర్మల్ ప్లాంటు వద్దన్న రైతుల మీద, మత్స్యకారుల మీద కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. వాళ్లదీ ఇదే కథ. పటాన్‌చెరు ఫ్యాక్టరీల యజమానుల్లో అక్కడివాళ్లూ ఉన్నారు, ఇక్కడివాళ్లూ ఉన్నారు. రాత్రిపూట ట్యాంకరును వాగులో ఖాళీ చేయించే కాంట్రాక్టరు చాలాసార్లు మన మండలం వాడే. హైదరాబాద్ మురుగు నల్లగొండకు పంపించేది మన ప్రభుత్వమే. ఇప్పుడు ఎవరిని తిడదాం?

"ముందు రాష్ట్రం రానియ్యి అన్నా, అవన్నీ తర్వాత చూసుకుందాం" అని చాలామంది తమ్ముళ్లు అనేవారు. వాళ్ల తొందర నాకు తెలుసు. కానీ జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్‌లను చూడండి. 2000లో వచ్చిన రాష్ట్రాలు. జల్, జంగల్, జమీన్ అని దశాబ్దాలు కొట్లాడిన ఆదివాసీల నేల. ఆ 2009 జాబితాలోనే ఛత్తీస్‌గఢ్‌లోని కోర్బాకు 83, జార్ఖండ్‌లోని ధన్‌బాద్‌కు 78 పైన మార్కులు వచ్చాయి. రెండూ మన పటాన్‌చెరు కంటే ఘోరం. రాష్ట్రం రాగానే కొత్త ప్రభుత్వానికి ఆదాయం కావాలి, పెట్టుబడులు కావాలి, పరిశ్రమలను పిలవాలి. ఆ తొందరలో ఏ ఊరి చెరువు గుర్తుంటుంది? ఉద్యమం వేడిగా ఉన్నప్పుడు రాయించుకోని హామీ, పదవి వచ్చాక ఎవరూ రాసివ్వరు.

మరి పరిశ్రమలు పోతే నియామకాల మాటేమిటి? ఇదీ న్యాయమైన ప్రశ్నే. పరిశ్రమలను మూసేయమని ఎవరూ అనడం లేదు. వ్యర్థపు నీళ్లను ఆవిరి చేసి, ఉప్పు వేరు చేసి, చుక్క బయటికి వదలకుండా నడిపే పద్ధతులు ఉన్నాయి. ఖర్చవుతుంది. ఆ ఖర్చు ఇవాళ కూడా ఎవరో ఒకరు కడుతూనే ఉన్నారు. మందు చౌకగా ఉన్నదంటే మిగతా డబ్బును గడ్డపోతారం రైతు పంటతో, బర్రెతో, కిడ్నీతో కడుతున్నాడని అర్థం. బిల్లు అసలు చిరునామాకు పంపమని అడగడం అభివృద్ధికి అడ్డుపడడం అవుతుందా?

అమెరికాలో ఉన్న మనకు ఇంకో సంగతి తెలియాలి. ఈ దేశమూ మొదటి నుంచి శుభ్రంగా లేదు. క్లీవ్‌లాండ్‌లో కయహోగా నది మీద 1969లో మంటలు లేచాయి, నూనె తెట్టుకు నిప్పంటుకుని. 1970లో పర్యావరణ సంస్థ ఈపీఏ వచ్చింది, 1972లో నీటి చట్టం వచ్చింది. 1984లో భోపాల్‌లో మనవాళ్లు వేల మంది చచ్చిపోయాక, 1986లో ఇక్కడ ఒక చట్టం చేసుకున్నారు. ఏ ఫ్యాక్టరీ ఏ రసాయనాన్ని గాలిలోకి, నీళ్లలోకి, నేలలోకి ఎంత వదిలిందో ఏటా ప్రజలకు చెప్పి తీరాలని ఆ చట్టం. ఇవాళ మీరుండే జిప్ కోడ్ కొట్టి చూసుకోవచ్చు. భోపాల్ చావులు అమెరికా పౌరుడికి తెలుసుకునే హక్కు తెచ్చాయి. అదే హక్కు కాజిపల్లి రైతుకు ఇప్పటికీ లేదు. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి, నెలలు తిరిగి, ఇంగ్లిషు కాగితం ఒకటి తెచ్చుకోవాలి.

అందుకే తెలంగాణ కోసం మాట్లాడే ప్రతి పార్టీకి మనం ఈ ఐదు మాటలు రాతపూర్వకంగా అడగాలని నా ప్రతిపాదన.

ఒకటి, తెలంగాణలో ప్రతి కాలుష్య పరిశ్రమ వదిలే నీళ్ల, గాలి వివరాలు నెలనెలా ఇంటర్నెట్‌లో, తెలుగులో, ఉర్దూలో పెట్టాలి. అదే కాగితం గ్రామ పంచాయతీ గోడకు అంటించాలి. మనలో సగం మంది సాఫ్ట్‌వేర్ వాళ్లమే. ఇది ఎంత చిన్న పనో మనకు తెలుసు. కష్టం టెక్నాలజీలో లేదు, చెప్పాలన్న మనసులో ఉంది.

రెండు, పటాన్‌చెరు చుట్టుపక్కల ఊళ్లన్నిటిలో నేల, నీళ్లు, మనుషుల ఆరోగ్యం సర్వే చేసి, ఆ నష్టానికి పరిహారం కోర్టు చెప్పేదాకా ఆగకుండా ఇవ్వాలి.

మూడు, ఫ్లోరైడ్ ఊళ్లకు కృష్ణా నీళ్లు ఏ సంవత్సరంలోపు ఇస్తారో తేదీ రాయాలి. నగరానికి పోయే పైపుకు ముందు ఆ ఊళ్ల నల్లా ఉండాలి. చెరువుల పూడిక తీయడం ఇందులో భాగం కావాలి.

నాలుగు, 111 జీవోను ఎవరి రియల్ ఎస్టేట్ కోసమూ ముట్టుకోకూడదు. మూసీలో కలిసే ప్రతి నాలా దగ్గర శుద్ధి జరగాలి, పరిశ్రమల నీళ్లు ఇళ్ల మురుగులో కలవకూడదు.

ఐదు, గ్రామసభ ఒప్పుకోకుండా కొత్త ఓపెన్‌కాస్టు గని, కొత్త బూడిద చెరువు వద్దు. కాలుష్య మండలి కుర్చీలు పదవి దొరకని నాయకులకు ఇచ్చే నజరానా కాకూడదు.

మనం ఇక్కడినుంచి చేయగలిగినవీ ఉన్నాయి. ఫార్మా కంపెనీల్లో పనిచేసే మనవాళ్లు ఎంతోమంది ఉన్నారు. ముడిసరుకు కొనేముందు ఆ ఫ్యాక్టరీ నీళ్లు ఎటు పోతున్నాయని అడిగే స్థానం కొందరికైనా ఉంది, అడగండి. బతుకమ్మ సంబరాలకు, సభలకు చందాలు వేసుకునే సంఘాలు అందులో కొంత పక్కన పెట్టి సొంత ఊరి బోరు నీళ్లను గుర్తింపు ఉన్న ల్యాబులో పరీక్ష చేయించండి. ఫలితం సర్పంచి చేతికి, మాస్టారి చేతికి ఇవ్వండి. బతుకమ్మను వదిలేది చెరువులోనే కదా, ఆ చెరువులో ఏముందో తెలుసుకోవడం కూడా పండుగ పనే అనుకోండి.

సకల జనుల సమ్మెలో 42 రోజులు జీతాలు వదులుకున్నవాళ్లు, ప్రాణాలే ఇచ్చిన పిల్లలు అడిగింది కొత్త మ్యాపు ఒక్కటే కాదు. ఆ మ్యాపులో నీలి గీతలుగా కనిపించే వాగులు తాగేందుకు పనికిరావాలని కూడా. రాష్ట్రం ఎవరి చేతుల్లో ఉందో వాళ్లను ఈ ప్రశ్న ఇప్పుడే అడుగుదాం. జవాబు కాగితం మీద తీసుకుందాం.

జై తెలంగాణ.